పగటి నిద్ర

వీరదుర్గ. ముప్పై తొమ్మిదేళ్లు. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకి ఆనించదు, ఆనిస్తే నిద్ర పట్టేస్తుందని. ఆ గురువారం సాయంత్రం అరబ్బు దేశంలో, అల్ ఐన్‌లో, ఏజెన్సీ వాళ్ల ఆడవాళ్ల క్వార్టర్స్‌లో, దేవి మంచం చివర అలాగే నిటారుగా కూర్చుంది. దేవి సూట్‌కేసు తాళం వేసి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఇద్దరూ ఒకే అరబ్బీ ఇంట్లో, ఒకే ముసలమ్మకి, పగలొకరు రాత్రొకరు సేవ చేస్తున్నారు. మంగళవారం ముసలమ్మ తుంటి మీద కమిలిన మచ్చ కనబడింది. స్నానం చేయిస్తూ దేవే పడేసి ఉంటుందని ఇంటివాళ్లు తేల్చారు. తెల్లవారుజామున ఆమెని ఇండియా పంపించేస్తున్నారు. వీరదుర్గ ఎక్కాల్సిన డ్యూటీ వ్యాన్ రావడానికి ఇంకా అరగంట ఉంది. ఆమె దేవితో చెప్పడం మొదలుపెట్టింది.

కూర్చునే పని అంటారే, అదీ నాకు ఒళ్లు మండేది. రాత్రి డ్యూటీ అంటే కూర్చునే పనంట. ఎవరంటారు? ఆ వేళకి మంచమెక్కి పడుకునేవాళ్లు. పన్నెండు గంటలు ఒక ముసలావిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం కూడా పనేనా అంటాడు మీ బావ. మీ బావ అంటే నాగేంద్రబాబే మరి, నాకింకో మొగుడున్నాడా.

నువ్వు పగలు చేసేదానివి, నీకూ సరిగ్గా తెలీదు. కోప్పడకు. నీ పూట ముసలమ్మ, మన మామా కబీరా, నిద్రపోతుంది. స్నానం చేయిస్తావు, జావ పట్టిస్తావు, పసిపిల్లలా పడుకుంటుంది. ఎనభై నాలుగేళ్ల మనిషి, ఎడమ పక్క చచ్చుబడిపోయిన మనిషి, పాపం పడుకోక ఏం చేస్తుంది అనుకుంటావు. నా పూటకి లేస్తుంది. పొద్దుగూకి మగ్రిబ్ బాంగు వినబడిందంటే కళ్లు తెరిచేస్తుంది. ఆ కుడిచెయ్యి ఉంది చూడు, ఎడమచేతి బలం కూడా దాంట్లోకే వచ్చేసింది. మంచం కమ్మీ పట్టుకుని లాగుతుంది. ఎక్కడికో వెళ్లాలంటుంది. మేకలంటుంది, నీళ్లంటుంది, ఖర్జూరం తోటంటుంది. ఆవిడ చెప్పేదాంట్లో నాకు నాలుగో వంతు అర్థమవుతుంది. ఊ కొడతాను. ఊ కొట్టకపోతే ఒప్పుకోదు.

రెండింటికి మనవలొస్తారు, బయట తిరిగి తిరిగి. "దుర్గా, చాయ్." వంటావిడ పడుకుంది కదా, దుర్గ లేచే ఉంది కదా. రెండు గంటలకోసారి ఆవిడని పక్కకి తిప్పాలి, తడి చూడాలి, పుస్తకంలో టైము రాయాలి. ఇంకెక్కడ కూర్చోవడం?

సరేలే. ఆ ఇంట్లో చేసేదానికి నేనేడవను. పనికని వచ్చాను, చేస్తున్నాను. నా ఏడుపంతా ఇంటికొచ్చాకే.

నువ్వు మా గది చూడలేదు కదూ. రమ్మన్నాను చాలాసార్లు, నీకు కుదరలేదు. అయినా చూడ్డానికేముందిలే. సనయ్యాలో, ఆ వర్క్‌షాపుల మధ్య, పాత విల్లా, ఒక్కో గదినీ చెక్కలు కొట్టి మూడు చేశారు. మా వాటాకి ఒక మంచం పడుతుంది. ఒక్కటే. రెండో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు. చెక్కకి అవతల మా మరిది అంజిబాబు. వంటగది అందరిదీ.

ఒక్క మంచమైనా ఇబ్బంది లేదు అనుకున్నాం. రాత్రి ఆయనది, పగలు నాది. ఆయన పొద్దున్నే సైటుకి పోతాడు, నేను ఏడున్నరకి వస్తాను. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంటుంది. రెండేళ్లు మేమిద్దరం కాపురం చేసింది ఆ వెచ్చదనంతోనే అనుకో. నవ్వొచ్చిందా? నవ్వు, పర్లేదు.

పగలు నాదన్నాను కదా. వినడానికి బాగుంది. తొమ్మిదింటికి అంజిబాబు లేస్తాడు, వాడిది మధ్యాహ్నం షిఫ్టు. "వదినా, పడుకున్నావా?" అని అడుగుతాడు. పడుకున్నదాన్ని ఎలా అడుగుతాడో నాకర్థం కాదు. కాఫీ కావాలి వాడికి. వాడు టీవీ పెట్టుకుంటాడు, చెక్కకి ఇవతల నేను ఆ వార్తలన్నీ వింటాను. పదకొండింటికి మా అత్త సుబ్బాయమ్మ వీడియో కాల్. రాజోలులో అప్పటికి పన్నెండున్నర, ఆవిడ భోజనం చేసి తీరుబడిగా ఉంటుంది. "పగలంతా ఖాళీయే కదే నీకు, ఫోన్ ఎత్తడానికేం?" అంటుంది. అత్తయ్యా, నేను రాత్రంతా మేలుకున్నానండి అంటే, "మేలుకుంటే ఏమైంది, నేను మీ మావగారికి జ్వరమొచ్చినప్పుడు వారం మేలుకోలేదా" అంటుంది. ఆవిడ వారం గురించి నలభై ఏళ్లుగా చెప్తోంది. నా రెండేళ్ల గురించి నేనెవరికి చెప్పుకోను?

తర్వాత వంట. మీ బావ నాలుగున్నరకి వస్తాడు, వేడిగా ఉండాలి. నేను ఆరింటికల్లా బయల్దేరాలి.

రోజుకి మూడు గంటలు పడుకునేదాన్నేమో. అదీ ముక్కలు ముక్కలుగా.

కిటికీకి ఏదైనా అడ్డం పెడదామండీ అని అడిగాను ఒకసారి. ఎండ నేరుగా మొహం మీద పడుతుంది. పట్టపగలు కిటికీ మూస్తే రోగిష్టి కొంపలా ఉంటుందన్నాడు. ఊరుకున్నాను. చున్నీ కళ్లకి కట్టుకుని పడుకునేదాన్ని, గంతలు కట్టిన గేదెలాగ.

ఆ తర్వాత ఈ జూన్ వచ్చింది.

నీకు తెలుసుగా, ఎండాకాలం మూడు నెలలూ మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు. ఎవరైనా ఎండకి పడిపోతారని. మంచి రూలే. మీ బావ వాళ్ల కంపెనీ ఏం చేసిందంటే, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టడం ఎందుకని కాంక్రీటు పనంతా రాత్రికి మార్చేసింది. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఐదు దాకా. నాగేంద్రబాబుగారికి నైట్ డ్యూటీ.

మొదటి రోజు పొద్దున నేను ఇంటికొచ్చేసరికి చూద్దును కదా, గది చీకటిగా ఉంది. కిటికీకి వెండి కాగితం అంటించి ఉంది, షవర్మా చుట్టిస్తారే, ఆ కాగితం. నాలుగు పక్కలా టేపు. సందు కూడా లేదు. మంచం మీద మీ బావ, చక్కగా వెల్లకిలా, నోరు తెరుచుకుని. అంజిబాబు చెక్క అవతల నుంచి వేలు పెదాల మీద పెట్టుకుని వచ్చి, "వదినా, చప్పుడు చేయకు, అన్నయ్య రాత్రంతా పని చేసొచ్చాడు" అన్నాడు.

నేనెక్కడి నుంచి వచ్చాననుకున్నాడో.

వాడు టీవీకి చెవుల్లో పెట్టుకునేవి కొనుక్కున్నాడు. ఇంట్లో ఎవరూ కుక్కర్ పెట్టకూడదు, విజిల్ వస్తుందని. పక్క వాటా మలయాళీ ఆవిడకి కూడా చెప్పించాడు, పిల్లాణ్ని వరండాలో ఆడుకోనివ్వద్దని. ఆవిడ పాపం సరేనంది. మా అత్త రెండింటి దాకా ఫోన్ చేయడం మానేసింది. "వాడు లేస్తాడే, పాపం, రాత్రి పని మనిషిని పీల్చేస్తుంది" అంది. ఆ ముక్క నాకే చెప్పింది, ఫోన్‌లో, నా మొహం చూస్తూ.

మొగాడి నిద్రకి ఇల్లంతా కాపలా దేవీ. ఆడదాని నిద్రకి కాలింగ్ బెల్లు.

రాత్రి పని ఆయనదీ, నాదీ ఒకటే. అదే చీకటి, అవే గంటలు. ఆయన రాత్రి కష్టమైంది, నా రాత్రి ఖాళీ అయింది. ఎలా అయిందో చెప్పు. నేను లెక్కపెట్టి చూశాను, ఆయన కంటే రెండు గంటలు ఎక్కువ కూడా.

మంచం సంగతా? అదే చెప్తున్నాను. మంచం ఆయనదైపోయింది. పక్కన సర్దుకుందామంటే, ఒక మనిషి మంచం అది, నేను కదిలితే ఆయనకి మెలకువ వస్తుందట. వంటగదిలో ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య జాగా ఉంది, అక్కడ బొంత వేసుకున్నాను. ఫ్రిజ్ తలుపు ఎవరు తీసినా నా కాళ్లకి తగులుతుంది. పదకొండు మంది వాడతారు ఆ ఫ్రిజ్‌ని.

మూడు వారాలు అలా పడుకున్నాను. పడుకున్నానని అనడమే.

నాలుగో వారం మీ బావ ఒక ఉపాయం చెప్పాడు. "బాషాగారితో చెప్పి పగలు డ్యూటీ వేయించుకోవే. అప్పుడు పగలు మంచానికి గొడవుండదు, రాత్రి నువ్వు పడుకుందువు." హయాత్ బాషా మన సూపర్‌వైజరే కదా, మన రాయచోటి మనిషే కదా, వింటాడులే అన్నాడు. నేను రెండేళ్లుగా పగలు డ్యూటీ కావాలని ఏడుస్తున్నాను. అప్పుడు ఎవరికీ ఉపాయం తట్టలేదు. ఆయనకి మంచం ఇరుకైతే తట్టింది.

అడిగాను. బాషాభాయ్ ఏమన్నాడో తెలుసా? "పగలు దేవి ఉంది కదమ్మా. ఆమె బాగా చేస్తోంది. ఆమె ఉన్నంతవరకూ ఖాళీ లేదు" అన్నాడు.

ఆమె ఉన్నంతవరకూ.

నువ్వట్లా చూడకు. ఆ మాట నేను అనలేదు, ఆయనన్నాడు. నేను ఇంటికెళ్లి అదే చెప్పాను. అంతే చేశాను. అప్పటికి అంతే.

నీళ్లున్నాయా? ఇటివ్వు.

దేవీ, సోమవారం రాత్రి. కాదు, మంగళవారం తెల్లవారుజాము అనాలి. మీ పగటివాళ్లకి తారీఖు పన్నెండింటికి మారుతుంది కానీ, మాకు ఎప్పుడు మారుతుందో మాకే తెలీదు.

ముందురోజు నేను అసలు పడుకోలేదు. వంటగదిలో గ్యాస్ మార్చడానికి మనిషొచ్చాడు, బొంత తీయించారు. రాత్రి మామా కబీరా బాగా హుషారుగా ఉంది. ఒకటే మాటలు. నాలుగింటికి దాహమంది. మంచం కమ్మీ కిందికి దింపి, తల ఎత్తి పట్టి, చెంచాతో నీళ్లు పట్టాను. మూతి తుడిచాను. కమ్మీ మళ్లీ పైకెత్తాలి. ఎత్తుదామనే అనుకున్నాను. ఒక్క నిమిషం కుర్చీలో కూర్చుని ఎత్తుదామనుకున్నాను.

వీపు ఆనింది.

ఎంతసేపో తెలీదు. చప్పుడు కూడా పెద్దది కాదు, తడిబట్టల మూట కింద పెట్టినట్టు. కళ్లు తెరిస్తే ఆవిడ నేల మీద ఉంది. తివాచీ మీద, కుడిపక్కకి ఒరిగి. ఏడవలేదు దేవీ. ఒక్క మూలుగు లేదు. నా వైపే చూస్తోంది. నేను ఆవిడ మీద పడిపోయి, మామా, మామా అంటుంటే ఆ కుడిచెయ్యి ఎత్తి నా చెంప మీద పెట్టింది. "నామీ" అంది. నామీ అంటే తెలుసుగా నీకు. పడుకో అని.

రెండేళ్లలో నన్ను పడుకోమన్నది ఆవిడొక్కతే. నేను పడేసిన మనిషి.

ఎలా ఎత్తానో నాకే తెలీదు. ఎత్తాను. దిండ్లు సర్దాను. కమ్మీ పైకెత్తాను, ఈసారి మర్చిపోలేదు. కాలు కదిపి చూశాను, కదిలింది. తుంటి మీద అప్పటికే ఎర్రగా ఉంది. పుస్తకం తీశాను. నాలుగింటికి ఎడమవైపు తిప్పాను, బాగుంది, అని. రాశాను. నా చెయ్యే రాసింది. ఆ గదిలో కెమెరా లేదని నాకు తెలుసు, అమ్మ ఒంటి మీద బట్ట తీసే గదిలో కెమెరా పెట్టనివ్వనంది ఆవిడ కూతురు, మేడమ్. అది కూడా గుర్తొచ్చింది ఆ నిమిషంలో. మనిషి బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూడు, నిద్ర లేకపోయినా.

ఏడింటికి నువ్వొచ్చావు.

మన అప్పగింత ఎలా ఉంటుంది? దుప్పటి తీసి, ఇద్దరం కలిసి వీపు చూడాలి, తుంటి చూడాలి, మడమలు చూడాలి. చూశాకే నువ్వు సంతకం పెట్టాలి. ఏడు నెలల్లో ఒక్కరోజు కూడా మనం ఆ పని ఎగ్గొట్టలేదు. నువ్వు దుప్పటి అంచు పట్టుకున్నావు కూడా. నేనేమన్నాను?

చెప్పు, నేనేమన్నాను? నీకు గుర్తుంది.

"ఇప్పుడే కళ్లు మూసింది దేవీ, రాత్రంతా నిద్ర లేదు, లేపకు. అంతా నేను చూశాను."

నువ్వు దుప్పటి వదిలేశావు. పాపం అన్నావు. నెమ్మదిగా, చెప్పుల చప్పుడు కూడా లేకుండా, నడిచి వెళ్లి పుస్తకంలో సంతకం పెట్టావు. నిద్రపోయే మనిషిని లేపకూడదనే మర్యాద నీకుంది. నాకు ఆ మర్యాద ఎవరూ చేయలేదు. చేసే ఒక్కదాన్ని పట్టుకుని నేను మోసం చేశాను. అది కూడా నిద్ర పేరు చెప్పి.

పదకొండింటికి మేడమ్ చూసింది. అప్పటికి నల్లబడింది. ఎక్స్‌రే తీశారు, ఎముక విరగలేదు. విరగలేదని ఫోన్‌లో తెలిసినప్పుడు నేను ఫ్రిజ్ పక్కన కూర్చుని ఏడ్చాను. ఆవిడ కోసమే ఏడ్చానని అనుకున్నాను అప్పుడు.

సాయంత్రం బాషాభాయ్ నన్ను పిలిచి అడిగాడు. "రాత్రి ఏమైనా జరిగిందా వీరదుర్గమ్మా?" ఏం లేదు భాయ్, పుస్తకంలో రాశాను కదా అన్నాను. ఆయన పుస్తకం చూశాడు. పొద్దున ఏడింటికి నీ సంతకం ఉంది. అంటే ఏడింటికి బాగున్నట్టు. ఏడు తర్వాత ఎవరి చేతిలో ఉంది? ఖలాస్. ఆయన తప్పు కూడా కాదు. ఆయన కాగితం చూశాడు.

ఇవాళ మధ్యాహ్నం ఫోన్ చేశాడు. శనివారం నుంచి పగలు డ్యూటీ నాకట. రాత్రికి కొత్త పిల్ల వస్తుందట. పక్కనే మీ బావ ఉన్నాడు, స్పీకర్‌లో విన్నాడు. "చూశావా, అడిగితే కదా అయ్యేది" అన్నాడు. చెక్క మీద కొట్టి అంజిబాబుకి కూడా చెప్పాడు.

దేవీ.

నిన్ను పంపించే కాగితంలో "రోగిని పడేసింది" అని రాస్తారు. ఇంక ఏ ఏజెన్సీ తీసుకోదు. నువ్వు దుబాయ్ వెళ్తానంటే మీ అన్నలిద్దరూ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారని చెప్పావు నాకు. ముసలివాళ్లని చూసుకునే పనే చేస్తానని, అదే నీకు వచ్చిన విద్య అని, ఆ అన్నల్ని తప్పించుకుని వచ్చావు. ఇప్పుడు వాళ్లే ఎయిర్‌పోర్టుకి వస్తారు కదూ తీసుకెళ్లడానికి. ఏమంటారో నాకు తెలుసు. నీకూ తెలుసు. అదంతా తెలిసే నేను పుస్తకం ముందు నోరు మూసుకున్నాను.

ఏదో ఒకటి అను. తిట్టు. కొట్టినా సరే. అలా సూట్‌కేసు జిప్పు వైపు చూస్తూ కూర్చోకు.

బాషాభాయ్ ఆఫీసు గేటు పక్కనే. ఇంకా లైటు వెలుగుతోంది, వచ్చేటప్పుడు చూశాను. నువ్వు "వెళ్లి చెప్పక్కా" అంటే వెళ్లి చెప్తాను. నిజంగా చెప్తాను. నన్ను పంపేస్తారు, పంపేయనీ. మీ బావ ఏమంటాడో... అననీ.

నువ్వు అనకపోతే ఎలా?

అదిగో, చూశావా. అది కూడా నీ మీదకే నెట్టేస్తున్నాను. నువ్వు అడగాలట, నేను చెప్పాలట. అడిగి చెప్పించుకోవాల్సిన మాటా ఇది? మంగళవారం నుంచి రెండు కాళ్లూ ఉన్నాయి నాకు. ఆ ఆఫీసుకి నడిచి వెళ్లలేదు. ఇక్కడికి నడిచి వచ్చాను. ఎందుకంటే నువ్వు నన్నేమీ చేయలేవు.

ఇంకొక్క మాట చెప్తాను, అసహ్యించుకో. నిన్న నేను పడుకున్నాను దేవీ. ఆయన ఎందుకో బయటికెళ్లాడు, మంచం ఖాళీగా ఉంది. వెండి కాగితం, చీకటి, ఏసీ. ఆరు గంటలు పడుకున్నాను. ఒక్క కల రాలేదు. నువ్వు కూడా గుర్తు రాలేదు. లేచాక ఎంత హాయిగా ఉందంటే, మనిషి ఇంత హాయిగా ఉండొచ్చా అనిపించింది. శనివారం నుంచి రోజూ అలా పడుకోవచ్చు, రాత్రి పూట, అందరిలాగ. అది ఆలోచిస్తున్నాను. ఇక్కడ నీ ఎదురుగా కూర్చుని కూడా అదే ఆలోచిస్తున్నాను.

మంచిదాన్నని నువ్వనుకున్నావు. నేనూ అనుకున్నాను. నిద్ర చాలినంతకాలం మంచిదాన్నేనేమో.

వ్యాన్ వచ్చింది. హారన్ మనదే.

వీరదుర్గ లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, సూట్‌కేసుని దాటుకుని బయటికి నడిచింది. బాషా ఆఫీసులో లైటు ఇంకా వెలుగుతోంది, తలుపు తీసే ఉంది. ఆమె దాని ముందు నుంచి వెళ్లి వ్యాన్ ఎక్కింది. శనివారం పొద్దున ఏడింటికి పగలు డ్యూటీలో చేరింది. మూడేళ్లు చేసింది.